సగం ప్రార్థన సేపు

మేస్త్రి పోయాడన్న కబురు పోయిన నెల ఒక ఆదివారం పొద్దున ఫోన్లో తెలిసింది. ఆయన షెడ్డు పక్కనే చెనిక్కాయలు ఒలిచే మిషను నడిపే పెద్దాయన చేశాడు. "టీచరమ్మా, మేస్త్రి లేడు. గుడికి పోను తెల్లచొక్కా ఏసుకోని కుర్చీలో కూచున్నాడంట, అట్లే ఒరిగిపోయినాడు" అన్నాడు. సాయంత్రం నాలుగింటికి తీసుకుపోతారని చెప్పి పెట్టేశాడు.

చేతిలో పని వదిలేసి కారు తాళం తీసుకున్నాను. సీట్లో కూర్చుని, పాదాన్ని యాక్సిలరేటరు మీద నుంచి తీసి పక్కన పెట్టుకుని, డ్యాష్‌బోర్డు కింద బటను కోసం తడుముకుంటూ ఉంటే అప్పుడొచ్చింది ఏడుపు. ఆ బటను ఆయన బిగించిందే. దాని సంగతి తర్వాత చెప్తాను.

కళ్యాణదుర్గంలో చాలామందికి ఆయన మంచి మెకానిక్కు. కొంతమందికి మాత్రం, ఒకప్పుడు మా నాయన కారును చెడగొట్టిన మెకానిక్కు. ఆ రెండో మాట అబద్ధం. అది అబద్ధమని నాకు మొదటి రోజు నుంచీ తెలుసు. ఆయన ఉండగా పదిమందిలో చెప్పాల్సిన దాన్ని, చెప్పలేదు. ఇప్పుడైనా చెబుదామనే ఇది రాస్తున్నాను.

మా నాయన ఆ కారును తొంభై ఎనిమిది ప్రాంతంలో బెంగుళూరు నుంచి తెచ్చాడు. ఎవరో తోటల యజమానుల ఇంట్లో ఇరవై ఏళ్లుగా ఉన్న జర్మనీ కారు. మీగడ రంగు, పొడుగు ముక్కు. దాని ముందు లైట్లకు కూడా చిన్న చిన్న వైపర్లు ఉండేవి. వరసగా వానలు మొహం చాటేసి చెనిక్కాయ చేతికి రాని తాలూకాకు, వానలో లైట్లు తుడుచుకునే కారు తెచ్చినందుకు ఊళ్లోవాళ్లు ఆయన్ని బాగా ఆటపట్టించారు. ఏమప్పా, వాన యాడుందో తుడిచి చూపిస్తాదా నీ కారు అని రచ్చబండ దగ్గర అడిగితే నాయన కోపం దిగమింగుకుని నవ్వేవాడు.

నవ్వులాటను మించిన తలనొప్పి ఇంకొకటి ఉండేది. కారు ఒక పట్టాన స్టార్టు అయ్యేది కాదు. అయినా నిలకడగా ఉండేది కాదు. పొద్దునపూట తాళం తిప్పితే అంటుకుని, రెండు క్షణాలు తిరిగి ఆగిపోయేది. ఎలాగో నడిపి ఊరికే నిలబెట్టి ఉంచితే ఇంజను ఒకసారి ఎగసి, ఒకసారి పడి, మళ్లీ ఎగసి, మెట్లెక్కి వచ్చిన ముసలాయనలా ఆయాసపడేది. నాయన దాన్ని అనంతపురంలో చూపించాడు, ధర్మవరంలో చూపించాడు. బానెట్ ఎత్తిన ప్రతి మెకానిక్కూ ముందు కార్బురేటరు కోసం వెదికేవాడు. ఆ కారుకు అదే లేదు. గాలి ఎంత వస్తే అంత పైకి లేచే ఒక ఇనుప పళ్లెం, ఆ పళ్లెం ఎంత లేస్తే అంత పెట్రోలు పంచే ఒక దిమ్మ, ఆ దిమ్మ నుంచి సిలిండరుకొకటి చొప్పున సన్నటి గొట్టాలు. సూది వేసినట్టు పెట్రోలును లోపలికి చిమ్మే పద్ధతి. అది తెలియనివాళ్లు తమకు తెలిసిన ఒకే ఒక్క స్క్రూ దొరికితే దాన్ని తిప్పి, ఇంజను వేగం పెంచి, నయమైపోయిందని పంపేవాళ్లు. రెండు రోజులకు కథ మళ్లీ మొదటికి వచ్చేది.

చివరికి ఎవరో కంబదూరు రోడ్డులోని ఒక రేకుల షెడ్డు సంగతి చెప్పారు. అక్కడి మేస్త్రి డీజిలు పంపులు, నాజిళ్లు బాగుచేస్తాడు, పెట్రోలు నాజిళ్లు కూడా చూస్తాడేమో పోయి అడుగు అన్నారు. నేను అప్పుడే బి.ఇడి. ముగించి ఇంట్లో ఉన్నాను. తోడు పోయాను.

ఆయన బానెట్ ఎత్తలేదు. పొట్టిగా, బక్కగా, కళ్లద్దాలకు దారం కట్టుకున్న మనిషి. కారు చుట్టూ ఒకసారి తిరిగి, చేతులు వెనక కట్టుకుని ప్రశ్నలు మొదలుపెట్టాడు. చలిపొద్దున మొండికేస్తుందా, ఎండపూటా? ఆపిన ఎంతసేపటికి తిప్పితే పట్టదు? పొగ ఏ రంగు? స్టార్టు చేసేటప్పుడు మీ కాలు ఎక్కడుంటుంది? నాయనకు చిరాకు పుట్టింది. బండి చూపిద్దామని వస్తే నువ్వు నన్ను చూస్తాండావేమి అన్నాడు. మేస్త్రి నవ్వలేదు. "బండి రోగం సగం తోలేవాళ్ల కాడే ఉంటాది సామీ" అన్నాడు.

తర్వాత ఇంజను ఆన్ చేయించాడు. అది ఎగుడుదిగుడుగా తిరుగుతూ ఉండగానే, పైన నూనె పోసే మూత తిప్పి తీసేశాడు. ఏమీ కాలేదు. ఇంజను ముందెలా ఆయాసపడుతోందో అలాగే ఆయాసపడుతోంది. ఏమీ కానందుకు నాయన సంతోషించాడు. మేస్త్రి తల అడ్డంగా ఊపాడు.

"మూత తీస్తే ఇది తడబడాల సామీ. ఆగిపోను రావాల. ఏం కాలేదంటే ఇంకో కాడ ముందే బొక్క పడిండాది. ఆ పళ్లేనికి తెలీకుండా లోపలికి గాలి దూరతాండాది. దొంగ గాలి."

ఆ దొంగ గాలిని ఆయన పట్టిన తీరు నేను జన్మలో మరిచిపోను. ముందు పెట్రోలు గొట్టాలన్నీ వేళ్లతో తడిమి, ఎక్కడా కారడం లేదని చూసుకుని, ఇసుక బకెట్టు పక్కన పెట్టుకుని, ఒక అగరొత్తి వెలిగించాడు. ఆ పొగను రబ్బరు గొట్టాల పక్కన మెల్లగా తిప్పసాగాడు. టీ కొట్టు దగ్గర ఉన్నవాళ్లు ఒక్కొక్కరే వచ్చి చేరారు. ఆదివారం ఆదివారం చర్చికి పోయే మనిషి మా కారుకు అగరొత్తి పట్టడం చూసి, మేస్త్రి ఎప్పుడు మతం మారినాడప్పా అని ఒకడన్నాడు. ఒకామె దూరం నుంచే దండం పెట్టుకుంది. పళ్లేనికీ ఇంజనుకూ మధ్య ఉన్న పెద్ద రబ్బరు గొట్టం దగ్గరికి వచ్చేసరికి, పైకి పోతున్న పొగ ఉన్నట్టుండి వంగి గొట్టం కిందికి దూరింది. పైనుంచి చూస్తే కొత్తదానిలా ఉన్న ఆ గొట్టానికి అడుగున బెత్తెడు చీలిక ఉంది.

అప్పటికి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి బిగించి, అందరూ తిప్పిన ఆ స్క్రూను మళ్లీ వెనక్కి తిప్పాడు. స్క్రూ తిప్పితే రోగం పోదు, దాంకుంటాది అన్నాడు. ఆ మాట ఆయన నోట తర్వాత వందసార్లు విన్నాను. మళ్లీ మూత తీశాడు. ఈసారి ఇంజను గిలగిలలాడి ఆగబోయింది. మూత పెట్టగానే కుదురుకుంది. "ఇప్పుడు దీనికి నొప్పి తెలస్తాండాది. బాగైనట్టే" అన్నాడు.

ఆ మరుసటి ఏడు నాకు కంబదూరు దాటినాక ఒక చిన్న ఊళ్లో టీచరుగా ఉద్యోగం వచ్చింది. ఆ ఊరికి బస్సు చీకటితో ఒకటి, మళ్లీ దీపాలు పెట్టినాక ఒకటి. ఆడపిల్ల అంత దూరం పోయి రావడం నాయనకు ఇష్టం లేదు. నెల రోజులు అన్నం తిననని ఒకసారి, తింటానని ఒకసారి పోట్లాడాను. చివరికి ఆయన మెత్తబడి, కారు నేర్చుకుని దాన్లో పోయి రమ్మన్నాడు. అందుకొక షరతు పెట్టాడు. పొద్దు గూకేలోపల నా కారులో నేను ఇల్లు చేరాలి. ఏ రోజైనా నా చేతకానితనం వల్ల కారు దారిలో ఆగి, పరాయి బండెక్కి ఇంటికొస్తే ఉద్యోగం ఆరోజుతో సరి. మా నాయన మాటంటే మాటే. అంతకు ముందు ఎలక్షన్లో తన అన్నకే ఓటు వేయనని చెప్పి వేయని మనిషి.

నాలుగు నెలలు బాగానే గడిచాయి. మాఘం దాటి ఎండలు ముదిరేసరికి కొత్త రోగం మొదలైంది. సాయంత్రం తిరుగుదారిలో, కంబదూరులో తోటి టీచరును దింపి, పావుగంట వాళ్లింట్లో కూర్చుని వచ్చి తాళం తిప్పితే కారు పట్టేది కాదు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒక్క తిప్పుకే పట్టే కారు, వేడి మీద ఆపి తిప్పితే ఎంత తిప్పినా ఉలకదు. మొదటిసారి అలా అయినప్పుడు పొద్దు వైపు చూస్తూ యాక్సిలరేటరు తొక్కుతూనే ఉన్నాను.

దారినపోయే లారీ డ్రైవరు ఒకాయన ఆగి, బానెట్ ఎత్తి, పెట్రోలు కాగిపోయిందమ్మా, తడిగుడ్డ ఎయ్యి అన్నాడు. పాత అంబాసిడర్లకు ఎండాకాలం పెట్రోలు పంపు మీద తడిగుడ్డ కప్పడం మా వైపు అందరికీ తెలిసిన వైద్యమే. నా దగ్గర మా అమ్మ ఎర్రంచు తువ్వాల ఉంది, తాగే నీళ్ల సీసా ఉంది. ఆ పెట్రోలు దిమ్మ మీద తువ్వాల పరచి, సీసా కుమ్మరించాను. పది నిమిషాలాగి తిప్పితే పట్టింది. తువ్వాలే మందు అనుకున్నాను. ఆ పది నిమిషాలే మందు అని తట్టలేదు.

ఇక రోజూ అదే పని. బిందె నీళ్లకు బోరింగు దగ్గర కొట్టుకునే రోజుల్లో, నేను రోజుకు రెండు సీసాల నీళ్లు ఇంజను నెత్తిన పోసేదాన్ని. మేస్త్రికి చెప్పలేదు. చెబితే నాయన చెవిన పడుతుందని భయం. నాలుగు వారాలకు కారు గుణం మారింది. నల్లగా పొగ, పెట్రోలు కంపు, వేడెక్కేకొద్దీ ఇంజను గడగడమని మూలగడం. ఒక సాయంత్రం ఊరికి ఇంకా ఎనిమిది కిలోమీటర్లు ఉందనగా దారి మధ్యలో ఆగిపోయింది. తువ్వాల తడిపాను, వేశాను, తీశాను, మళ్లీ వేశాను. పట్టలేదు. పొద్దు గూకింది. గడ్డి వేసుకుని పోతున్న ట్రాక్టరు ఎక్కి ఇల్లు చేరాను.

నాయన అరుగు మీదే కూర్చుని ఉన్నాడు. అన్నం పెట్టమని అమ్మకు చెప్పి లోపలికి పోయాడు.

మర్నాడు కారును తాళ్లు కట్టి మా ఇంటి ముందుకు లాక్కొచ్చి, మేస్త్రిని పిలిపించారు. మా చిన్నాయన, ఇరుగుపొరుగు, ఊళ్లోని ట్రాక్టర్ల వాళ్లు చాలామంది చేరారు. నాయన అందరి ముందూ అడిగాడు, తప్పు కారుదా, తోలిన మనిషిదా తేల్చమని. నా ఉద్యోగం ఆ ఒక్క ప్రశ్న మీద ఉందని అక్కడున్న అందరికీ తెలుసు. మేస్త్రికీ తెలుసు.

ఆయన బానెట్ ఎత్తి, పెట్రోలు దిమ్మ కిందుగా ఉన్న ఒక కరెంటు ప్లగ్గు ఊడదీశాడు. లోపల రాగి అంతా పచ్చగా చిలుము పట్టి ఉంది. ఆ ప్లగ్గు సందులో ఎర్రటి దారప్పోగు ఒకటి ఇరుక్కుని ఉంది. ఆయన దాన్ని గోటితో తీసి చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. ఒక్కసారే. ఆ పోగును జేబులో వేసుకుని నాయన వైపు తిరిగాడు.

"తప్పు నాది సామీ. ఈ ప్లగ్గు మింద రబ్బరు మూత నేను సరిగా బిగించలేదు. తేమ దిగింది. అమ్మ చేసిందేం లేదు."

నాయన ఆయన్ని తిట్టాడు. మామూలుగా తిట్టలేదు. కులం ఎత్తలేదు కానీ ఎత్తినంత పని చేశాడు. చేతకాకపోతే నాగలి కర్రులు సాన పట్టుకోమన్నాడు. ఇక నా ట్రాక్టరు నీ గడప తొక్కదు అన్నాడు. మేస్త్రి తల వంచుకుని, వారం రోజులు గడువియ్యి సామీ, సరి చేసిస్తా అని మాత్రం అన్నాడు. నేను వాకిలి స్తంభం పట్టుకుని, తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఆ మధ్యాహ్నం మా అమ్మ ఆయనకు టీ ఇచ్చింది. మా ఇంట్లో ఆయన గ్లాసు వేరే ఉండేది, బయట గోడ గూట్లో. టీ తాగి, దాన్ని కడిగి, గూట్లో బోర్లించి వెళ్లిపోయాడు. నా ఉద్యోగం నిలిచింది.

మూడో రోజు షెడ్డుకు వెళ్లాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక నీళ్లు నములుతుంటే ఆయనే కుర్చీ తుడిచి వేసి, "కారుకు జరమొచ్చిందని తడిగుడ్డ ఎయ్యాలనిపించింది. దాంట్లో తప్పేముందమ్మా" అన్నాడు. మీరెందుకు అబద్ధం చెప్పారని అడిగాను. ఆయన చేతిలోని ప్లగ్గు తుడిచి పక్కన పెట్టాడు.

"అబద్ధమేముంది. బండి నీ చేతికిచ్చినా, దాని గుణం చెప్పియ్యలేదు. అది నా తప్పు కాదా?"

ఆ రోజు నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. చలిపొద్దున ఇంజనుకు ఎక్కువ పెట్రోలు కావాలి, వేడెక్కాక తగ్గించాలి. ఆ తగ్గించే పరికరానికి కరెంటు తెచ్చే ప్లగ్గులోకే నా తువ్వాల నీళ్లు దిగాయి. దాంతో అది చలిపొద్దుటికి ఇచ్చేంత పెట్రోలును మిట్టమధ్యాహ్నం కూడా తాపించింది. నల్లపొగ అందుకు. ఇది తువ్వాల తెచ్చిన రోగం. అసలు రోగం, అంటే వేడి మీద పట్టకపోవడం వేరే. కారు ఆపినా గొట్టాల్లో పెట్రోలు బిగువుగా నిలబడాలి. వెనక పంపు దగ్గరున్న కవాటం అరిగిపోతే ఆ బిగువు జారిపోతుంది, ఇంజను వేడికి ఉన్న కాస్త పెట్రోలూ ఆవిరవుతుంది. అప్పుడు యాక్సిలరేటరు తొక్కి ఏం లాభం, చేంతాడు తెగిన బావి దగ్గర గిలక తిప్పినట్టే అన్నాడు.

కొత్త కవాటం బెంగుళూరు నుంచి రావడానికి రెండు నెలలు పట్టేలా ఉంది. అందాకా ఏం చేయాలి? ఆయన ఇళ్ల తలుపులకు పెట్టే కాలింగ్ బెల్లు బటను ఒకటి తెచ్చి, డ్యాష్‌బోర్డు కింద బిగించి, దాని వైరు పంపుకు కలిపాడు. తాళం ఆన్ చేసి బటను ఒత్తి పట్టుకుంటే వెనక పంపు జుమ్మని మోగుతుంది. గొట్టాలు నిండుతాయి. అప్పుడు తాళం తిప్పాలి. కాలు మాత్రం దూరంగా ఉండాలి.

"కాలు తీయి. పంపు మాట విను. ఆ తర్వాతే తిప్పు."

ఎంతసేపు ఒత్తాలని అడిగితే ఆయన కొంచెం సిగ్గుపడ్డాడు. వాళ్ల గుళ్లో, అంటే చర్చిలో, అందరూ కలిసి చెప్పుకునే ప్రార్థన ఒకటుంది, అది సగం చెప్పుకునేంత సేపు అన్నాడు. ఆయన భార్య అప్పుడే అన్నం క్యారియరు తెచ్చి పెడుతోంది. దేవుని మాటలతో పెట్రోలు కొలుస్తాండావా, పాపం తగలదా అని ఆయన మీద విసుక్కుంది. "సగమే కదే చెప్తాండా. మిగతా సగం గుళ్లో చెప్తాలే" అన్నాడాయన. నాకు ఆ ప్రార్థన రాదు కాబట్టి పదమూడో ఎక్కం చెప్పుకోమన్నాడు. పదమూడు పదులు నూటముప్పై దాకా వచ్చేసరికి సరిగ్గా సరిపోయేది. ఎంత ఎండలోనైనా కారు ఒక్క తిప్పుకు పట్టేది.

తర్వాత ఇన్నేళ్లూ ఆ షెడ్డుకు పోతూనే ఉన్నాను. ఆ కారు పుస్తకం జిరాక్సు ప్రతి ఒకటి దొరికితే, సెలవు రోజుల్లో కూర్చుని ఇంగ్లీషు చదివి తెలుగులో చెప్పేదాన్ని. ఆయన గాలి దారికి నీలం, పెట్రోలు దారికి ఎరుపు స్కెచ్‌పెన్నుతో బొమ్మల మీద గీతలు గీసుకునేవాడు. అంతా విని, పుస్తకం సరే, బండి ఏమంటాదో అడుగుదాం పా అని లేచేవాడు. సామాన్లన్నీ బిస్కెట్ల డబ్బాల్లో. ఒక్కో డబ్బాకు ఒక్కో సుద్దగుర్తు. ఎవరైనా బండి తేగానే చేయి పెట్టబోతే, ముందు చేతులు తీయండప్పా, చెవులు పెట్టండి అనేవాడు. మా ఇంట్లో ఆయన్ని అందరూ వాడు అనేవాళ్లు. నేను ఆయన అనడం అలవాటు చేసుకోవడానికి రెండేళ్లు పట్టింది. షెడ్డులో మాత్రం మొదటి రోజు నుంచీ వాళ్ల గ్లాసుల్లోనే టీ తాగాను. దాన్నొక గొప్పగా అప్పట్లో అనుకున్నందుకు ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఆ తిట్ల ఫలితం ఆయన మీద చాలాకాలం ఉంది. మా నాయన ట్రాక్టరు పోగానే, నాయన మాట విని మా చిన్నాయనదీ, ఇంకా నలుగురైదుగురివీ వేరే చోటికి పోయాయి. కొన్ని వారాలు షెడ్డు ముందు ఒక్క బండీ ఉండేది కాదు. రెండు పంటకాలాలు అలాగే సాగింది. ఆయన ఎవరి దగ్గరా అసలు సంగతి చెప్పలేదు. నేనూ చెప్పలేదు. చెబితే ఉద్యోగం పోతుందని మొదట అనుకున్నాను. తర్వాత ఉద్యోగం పోదని తెలిసినా, ఇప్పుడు ఎందుకులే అనుకున్నాను. మూత తీసినా తడబడని ఇంజను లాగే ఉన్నాను నేను. బాగున్నట్టే కనపడేది.

మూడో ఏడు ఒకరోజు ఉండబట్టలేక నాయన దగ్గర కూర్చుని మొత్తం చెప్పేశాను. లారీ డ్రైవరు, తువ్వాల, సీసాలు, అన్నీ. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"నాకు ఆ పొద్దే తెలుసు. వాడు జేబులో ఏసుకున్న దారం ఎర్రంచుది. మీయమ్మ తువ్వాల నాకు తెలీదా?"

తెలిసి కూడా ఆయన్ని అన్నేసి మాటలు అన్నావా నాయనా అని అడిగాను. తప్పు నీదని తేలుంటే పదిమందిలో అన్నమాట ప్రకారం నిన్ను మాన్పించాల్సి వచ్చేది, వాడు నా మాటా కాపాడినాడు, నీ ఉద్యోగమూ కాపాడినాడు అన్నాడు. అందుకు తిట్టాలా అన్నాను. నాయన పేపరు మళ్లీ తెరుచుకున్నాడు. ఆ మరుసటి వారం తన ట్రాక్టరును తానే తోలుకుని మేస్త్రి షెడ్డుకు పోయాడు. ట్రాక్టరు దిగలేదు, తప్పయిందని అనలేదు. డీజిలు పంపు చూడమన్నాడంతే. మేస్త్రి చూశాడు. మిగతా ట్రాక్టర్లు కూడా ఒకటొకటిగా తిరిగొచ్చాయి. కానీ పోయిన పేరు మాత్రం రాలేదు. మేస్త్రి కారు చెడగొట్టాడన్నది ఊళ్లో అలాగే ఉండిపోయింది.

నేనొకసారి ఆయనతో అన్నాను, ఆ తువ్వాల సంగతి మీ షెడ్డు ముందు నిలబడి అందరికీ చెప్తానని. ఆయన చేతిలో పనాపలేదు. బండి నిలబెట్టినప్పుడు ఐడిలింగు ఎట్లుంది ఇప్పుడు అని అడిగాడు. బాగుందన్నాను. ఇంకేం కావాలమ్మా అన్నాడు. నేను దాన్ని క్షమించినట్టుగా తీసుకుని ఊరుకున్నాను. అది ఆయన మంచితనం. నా మంచితనం కాదు. కారు చెడగొట్టింది నేను, మా అమ్మ ఎర్రంచు తువ్వాలతో. మేస్త్రి చేతిలో చెడింది ఏదీ లేదు. ఇదే నేను చెప్పాల్సిన మాట.

ఆ ఆదివారం సాయంత్రం ఆయన్ని సాగనంపడానికి ఊరి బయట వాళ్ల సమాధుల తోట దాకా జనం నడిచారు. కాళ్ల నొప్పులున్న ముసలివాళ్లను నా కారులో ఎక్కించుకుని, ఒకటో గేరులో వెనకాలే పోయాను. ఎండ ఇంకా దిగలేదు. షెడ్లో పని నేర్చుకుని సొంత షెడ్లు పెట్టుకున్న మెకానిక్కులు చాలామంది వచ్చారు. గోళ్లలో నూనె మరకలతోనే మట్టి వేశారు. మా నాయన కూడా వచ్చాడు. దూరంగా తుమ్మచెట్టు పక్కన నిలబడి, అందరూ వేశాక వచ్చి, ఆయన కూడా పిడికెడు మట్టి వేశాడు. తర్వాత నడిచి వెళ్లిపోయాడు.

జనం పలచబడ్డాక ఆయన భార్యను నేనే ఇంటికి తీసుకుపోతానన్నాను. ఆమె ముందు సీట్లో నా పక్కన కూర్చుంది. ఆ కారులో ఆమె ఎక్కడం అదే మొదటిసారని అప్పుడు తట్టింది. ఒకటో గేరులో కాగిపోయిన ఇంజను అరగంటగా ఆగి ఉంది. ఏ పూట తిప్పకూడదో సరిగ్గా ఆ పూట. ఆయన తెప్పించిన కవాటం కూడా ఈమధ్య అరిగింది. మారుద్దాంలే అని ఈ వేసవి మొదట్లోనే అన్నాడు.

తాళం తిప్పాను. పట్టలేదు. మళ్లీ తిప్పాను. కళ్లనిండా నీళ్లు, ఎదురుగా ఏమీ కనపడటం లేదు. నా కాలు నాకు తెలియకుండానే యాక్సిలరేటరు మీదికి పోయి తొక్కుతూ ఉంది.

"కాలు తీయి టీచరమ్మా" అంది ఆమె మెల్లగా. "ఆ గంట ఒత్తు."

కాలు తీశాను. బటను ఒత్తి పట్టుకున్నాను. మా వెనక, సీటు కింద, పంపు జుమ్మని మొదలైంది. నేను పదమూడో ఎక్కం అందుకోబోయి ఆగాను. ఆమె కొంగు తలమీదికి లాక్కుని, కళ్లు మూసుకుని, పెదవులు మాత్రం కదిలేంత మెల్లగా ఆ ప్రార్థన చెప్పసాగింది. చెప్పి చెప్పి, సగంలో ఆపింది.

"ఇప్పుడు తిప్పు" అంది.

తిప్పాను. పట్టింది. మిగతా సగం ఆమె దారిలో చెప్పుకుంది.